చెన్నైలో తెలుగు కథల పోటీలు పెట్టే పెద్దలకు: వర్ణన కోసేయమని చెప్పకండి

పెద్దలకు నమస్కారం.

మీలో కొందరికి నేను తెలుసు, చాలామందికి తెలియదు. వడపళనిలో ఉంటాను. ఆదివారం పొద్దున మా అపార్ట్‌మెంట్ కింద హాల్లో పిల్లలకు తెలుగు చదవడం, రాయడం నేర్పిస్తాను. రాసే అలవాటున్న ఆడవాళ్లం కొందరం నెలకోసారి కూర్చుని ఎవరు రాసింది వాళ్లు చదివి వినిపించుకుంటాం. ఈ ఉత్తరం ఏ ఒక్క సంఘం మీదా ఫిర్యాదు కాదు. ఉగాదికో, సంక్రాంతికో, వార్షికోత్సవానికో ఈ ఊళ్లో కథల పోటీలు పెట్టే అందరికీ కలిపి రాస్తున్నా, ఎందుకంటే నేను చూసిన ప్రకటనల్లో మాటలు కొంచెం అటూ ఇటూగా ఒకటే షరతు ఉంటోంది. కథ అనవసర వర్ణనలు లేకుండా సూటిగా, సందేశాత్మకంగా ఉండాలి అని.

పరాయి రాష్ట్రంలో తెలుగులో కథ రాయండి అని అడిగేవాళ్లే కరువైన రోజులివి. మీరు హాలు మాట్లాడి, చందాలు పోగుచేసి, పోస్టులో వచ్చిన కాగితాలన్నీ ఓపిగ్గా ఫైల్లో పెట్టి, న్యాయనిర్ణేతల ఇళ్లకు మోసుకెళ్లి ఇస్తున్నారు. ఆ కష్టం నాకు తెలుసు. మీరు పట్టించుకునే మనుషులు కాబట్టే మీకు రాస్తున్నా.

పోయిన పోటీకి మా వాళ్లలో ఒకావిడ కథ పంపారు. ఆవిడను అడిగే ఇక్కడ చెబుతున్నా. కథ 2019 ఎండాకాలంలో జరుగుతుంది. ఆ ఏడాది మనందరికీ గుర్తుంది కదా, ఈ ఊరికి నీళ్లిచ్చే పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం చెరువులు నాలుగూ ఎండిపోయి, జూలైలో జోలార్‌పేట నుంచి రైలు వ్యాగన్లలో నీళ్లు తెచ్చారు. ప్రకాశం జిల్లా నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయి, అరవం ఒక్క ముక్క రాదు, తెల్లవారకముందే బిందె తీసుకుని లారీ కోసం వీధి చివరికి వెళ్తుంది. అక్కడ మనుషులు ఉండరు, గోడ పొడుగునా ప్లాస్టిక్ బిందెలు మాత్రం వరసలో ఉంటాయి, గాలికి దొర్లిపోకుండా ఒక్కోదాంట్లో ఒక్కో రాయి. అన్నీ ఒకే ఆకుపచ్చ, ఒకే నారింజ రంగు కాబట్టి ఎవరి బిందె ఎవరిదో తెలియడానికి మెడ దగ్గర నెయిల్ పాలిష్‌తో గుర్తులు పెట్టుకుని ఉంటారు. ఈ అమ్మాయి తన బిందెను చివర్న పెట్టి పక్కకు జరుగుతుంది, తిరిగి చూసేసరికి అది ఇంకా వెనక్కి పోయి ఉంటుంది. అడగడానికి మాట రాదు. ఒక ముసలావిడ ఏమీ అనకుండా, ఈ అమ్మాయి వైపు చూడను కూడా చూడకుండా, కాలితో ఆ బిందెను ముందుకు నెడుతుంది. లారీ వస్తుంది. పైపు ఒక్క ఊపు ఊగి నీళ్లు పడటం మొదలవగానే ముందున్న ఆడవాళ్లంతా బిందెలు వెనక్కి లాక్కుంటారు. ఖాళీ దొరికిందని ఈ అమ్మాయి పరిగెత్తి తన బిందె పెడుతుంది. మొదట వచ్చేది తుప్పు నీళ్లని ఆమెకు ఎవరు చెప్పాలి?

కథ చివర్లో, చాలా నెలల తర్వాత, అదే వరసలో మరో కొత్త పిల్ల బిందె పట్టుకుని ముందుకు ఉరుకుతుంటే, ఈ అమ్మాయి ఆగమని అరుస్తుంది. అరవంలో. తనకు ఆ మాట వచ్చని అంతవరకు ఆమెకే తెలియదు.

మీ న్యాయనిర్ణేతల్లో ఒకరు కథ మార్జిన్‌లో రాసి పంపిన అభిప్రాయం ఏమిటంటే, వస్తువు బాగుంది, వర్ణన ఎక్కువైంది, నీళ్ల క్యూ సన్నివేశం తీసేసి అమ్మాయి పడ్డ బాధను రెండు వాక్యాల్లో చెప్పి ఉంటే కథ బిగువుగా ఉండేది. ఆయన సదుద్దేశంతోనే రాశారు. కానీ ఆ సన్నివేశం తీసేస్తే ఆ కథలో ఏం మిగులుతుందో ఒక్కసారి ఆలోచించండి. పల్లెటూరి పిల్ల పట్నం వచ్చింది, భాష రాక ఇబ్బంది పడింది, తర్వాత అలవాటు పడింది. ఇలాంటివి మీకు కట్టలు కట్టలు వస్తాయి. తుప్పు నీళ్లు లేకపోతే చివరి అరుపుకు అర్థమే లేదు. ముసలావిడ కాలితో బిందె నెట్టకపోతే, ఈ ఊరు ఆ అమ్మాయిని ఎలా తనలో కలుపుకుందో పాఠకుడికి తెలియదు. చేత్తో తీసి పెట్టి, నవ్వి, పలకరించి ఉంటే అది వేరే కథ. కాలితో, చూడకుండా నెట్టింది, అందులో విసుగూ ఉంది, దయా ఉంది. రెండూ కలిపి చెప్పడానికి బాధ అనే మాట ఎక్కడ సరిపోతుందండీ?

మీరు ఆ షరతు ఎందుకు పెట్టారో నాకు అర్థమవుతుంది. సూర్యోదయంతో మొదలై రెండు పేజీల దాకా సూర్యుడు పూర్తిగా ఉదయించని కథలు నేనూ చదివాను. తూర్పున భానుడు బంగారు కిరణాలు చిమ్ముతుంటాడు, పక్షులు కిలకిలారావాలు చేస్తుంటాయి, అమ్మాయికి కలువల్లాంటి కళ్లుంటాయి, అమ్మ చేతివంట అమృతంలా ఉంటుంది. ఇవి చదివి చదివి విసుగెత్తి మీరు వర్ణనే వద్దన్నారు. కానీ వాటిలో రాసినవాళ్లు చూసినది ఏదీ లేదు. ఎవరో ఎప్పుడో చూసి రాసినదాన్ని అరువు తెచ్చుకున్నారు. వడపళనిలో మూడో అంతస్తులో ఉండే మనిషి కిటికీలోంచి సూర్యోదయం చూసి ఎన్నేళ్లయిందో ఏమో, ఎదురుగా ఇంకో బిల్డింగ్ ఉంటుంది కదా. ఆ మనిషికి తెల్లారిందని తెలిసేది ఎదురింటి మోటారు శబ్దం వల్లో, పాలపాకెట్ల ట్రే కింద పడేసిన చప్పుడు వల్లో. అది రాస్తే నాకు ఆ ఇల్లు కనిపిస్తుంది. అందుకే కోపం అరువు మాటల మీద చూపించండి, చూసి రాసినదాని మీద వద్దు.

ఇదేమీ బయటినుంచి తెచ్చుకున్న కొత్త ఆలోచన కాదు. కాంచీపురం మనకు రెండు గంటల దూరం. పల్లవుల కాలంలో అక్కడ ఉన్నవాడని పండితులు చెప్పే దండి తన అలంకారశాస్త్రంలో అర్థాలంకారాలు చెప్పడం స్వభావోక్తితోనే మొదలుపెట్టాడు. ఉపమ, రూపకం అన్నీ దాని తర్వాతే. వస్తువు ఏ స్థితిలో ఎలా ఉందో అలాగే కళ్లకు కట్టడమే స్వభావోక్తి. మరి మన ప్రబంధాల్లోని పద్దెనిమిది వర్ణనల లెక్క, నగరం, సముద్రం, చంద్రోదయం, జలక్రీడ, ఇవన్నీ ఉండితీరాలనే పట్టింపు, అది మీరన్న అనవసర వర్ణనకు దారితీసింది, నిజమే. కానీ ఆ ప్రబంధాల్లోనే కళ్లు తెరుచుకుని చూసినవాళ్లూ ఉన్నారు. ఆముక్తమాల్యదలో కృష్ణదేవరాయలు వర్ణించింది ఈ తమిళదేశపు ఊరినే, శ్రీవిల్లిపుత్తూరును. తెల్లవారుజామున వరి మళ్ల కాలువల్లో బాతులు తలలు రెక్కల్లో దూర్చుకుని నిద్రపోతున్నాయి. కావలివాళ్లు వాటిని చూసి, స్నానానికి వచ్చిన బ్రాహ్మలు పిండి మరిచిపోయిన పంచెలనుకుని, ఇళ్లకు చేర్చుదామని రేవులోకి దిగుతారు. బాతులు లేచి పరుగెడతాయి, చేను కాసే ఆడపిల్లలు నవ్వుతారు. అంత పెద్ద రాజ్యం ఏలిన మనిషికి పిండిన పంచె ముద్ద, ముడుచుకున్న బాతు ఒకేలా ఉంటాయని తెలుసు. తెలుగులో రాస్తూ అరవదేశాన్ని ఇంత దగ్గరగా చూడొచ్చని ఐదు వందల ఏళ్ల కిందటే చూపించిన ఆ పద్యం ఇప్పుడు మన పోటీకి వస్తే, కథకు సంబంధం లేదని కొట్టేస్తామా?

ఇంకో మాట కూడా చెప్పాలి, ఇది రాసేవాళ్లకూ వర్తిస్తుంది. చెన్నై కథ అనగానే ఫిల్టర్ కాఫీ, మల్లెపూలు, మెరీనా, పట్టుచీరల కొట్టు పెట్టేస్తే వివరం ఇచ్చినట్టు కాదు. అవి పోస్టుకార్డు బొమ్మలు, ఒక్కసారి టి.నగర్ వచ్చివెళ్లిన చుట్టం కూడా చెప్పగలడు. ఇక్కడ బతికేవాళ్లకు మాత్రమే తెలిసేవి వేరే ఉంటాయి. కత్తిరి వెయిలు అని ఇక్కడ పిలిచే మే నెల ఎండల రోజుల్లో ఎండ మండిపోతోంది అని రాయక్కర్లేదు, మధ్యాహ్నం బండి తీసేవాడు సీటు మీద తడి కర్చీఫ్ పరిచి, అది ఆరేదాకా పక్కనే నిలబడితే చాలు. రంగనాథన్ వీధిలో రద్దీ అని రాస్తే ఏ ఊరి బజారైనా అవుతుంది. అక్కడ నడిచే తల్లి పిల్లవాడి చెయ్యి పట్టుకోదు, మణికట్టు పట్టుకుంటుంది, ఎందుకంటే చెమటకు చెయ్యి జారిపోతుంది. వివరం ఎన్ని పేజీలు అన్నది కాదు విషయం, ఎవరి కళ్లతో చూశారు అన్నది. కొత్తగా వచ్చిన కోడలికి కనిపించేది ముప్పై ఏళ్లుగా ఉన్న అత్తగారికి కనిపించదు, అప్పులవాడికి భయపడేవాడికి వీధిలో మొదట కనిపించేది మోటార్‌సైకిళ్ల రంగులు. న్యాయనిర్ణేత అడగాల్సిన ప్రశ్న అదే. ఈ వివరం ఈ మనిషి చూసేదేనా, లేక రచయిత తెచ్చి అతికించాడా? అతికించి ఉంటే మార్కులు కోసేయండి, నేనే మీ పక్కన నిలబడతాను.

అనుభవాలు రాసేటప్పుడు ఈ గొడవ ఇంకా ఎక్కువ. 2015 వరదల మీద మనవాళ్లు రాసినవి నేను చాలా చదివాను. డిసెంబర్ మొదటి రోజుల్లో, చెంబరంబాక్కం నీళ్లు వదిలాక అడయారు నది గట్లు దాటి సైదాపేట, జాఫర్‌ఖాన్‌పేట, కోట్టూరుపురం మునిగాయి. అంత నష్టపోయిన మనుషులు కూడా కాగితం ముందు కూర్చునేసరికి ప్రకృతి విలయతాండవం చేసింది, జనజీవనం అస్తవ్యస్తమైంది అని రాశారు. అది న్యూస్ చదివేవాళ్ల భాష, వాళ్ల సొంత మాట కాదు. ఎదురుగా కూర్చుని నోటితో చెప్పమంటే అదే మనుషులు ఏం చెప్పారో వినండి. బియ్యం బస్తా నీళ్లలో ఉబ్బి కుట్లు తెగి పగిలిందట. పెళ్లి ఆల్బమ్ పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోతే, విడదీస్తే ముఖాలు ఊడొస్తాయని విడదీయకుండా అలాగే ఇప్పటికీ దాచుకున్నారట. నీళ్లు తీసేశాక గోడ మీద మిగిలిన గీతకు పైన సున్నం తెల్లగా, కింద మట్టిరంగులో, ఎన్నిసార్లు రంగు వేసినా వానాకాలంలో మళ్లీ బయటికి వచ్చేదట. ఇవేవీ వాళ్లు రాయలేదు. ఎందుకు రాయలేదమ్మా అంటే, ఇలాంటివి రాయకూడదేమో, సాహిత్యంలా ఉండదేమో అన్నారు. ఆ భయం కొంత బళ్లో పెట్టారు, కొంత మన ప్రకటనలు పెడుతున్నాయి.

పిల్లల దగ్గర ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. మా ఆదివారం క్లాసుకు వచ్చే ఒక అబ్బాయి, వాళ్ల నాన్న కోయంబేడు మార్కెట్లో మూటలు మోస్తాడు, నాన్న గురించి రాయమంటే మా నాన్న చాలా కష్టపడతారు, మా నాన్న నాకు దేవుడితో సమానం అని రాసి ఇచ్చాడు. తప్పేమీ లేదు, పిల్లవాడు మనసులో మాటే రాశాడు. నాన్న ఇంటికి వచ్చాక మొదట ఏం చేస్తాడు, నీకు ఏం కనిపిస్తుంది అని కూర్చోబెట్టి అడిగాను. కాసేపు పెన్ను మూత నమిలి, మా నాన్న బనియన్లన్నీ కుడి భుజం దగ్గరే చిరుగుతాయి, మిగతాదంతా కొత్తదిలాగే ఉంటుంది, అమ్మ లోపలి వైపు నుంచి పాత లుంగీ ముక్క వేసి కుడుతుంది అని రాశాడు. ఆ ఒక్క వాక్యం చదివాక ఆ ఇంట్లో డబ్బు ఎంత ఉందో, ఆ మనిషి ఏ భుజం మీద మోస్తాడో, ఆ తల్లి ఎంత జాగ్రత్తపరురాలో, అన్నిటికంటే ముఖ్యంగా ఆ పిల్లవాడు నాన్నను ఎంత చూసుకుంటాడో నాకు తెలిసిపోయింది. దేవుడితో సమానం అన్న మాట ఇక అక్కర్లేదు, వాడే కొట్టేశాడు. ఇప్పుడు చెప్పండి, మీ లెక్కలో ఆ బనియను అనవసర వర్ణన కిందకు వస్తుందా, సందేశం కిందకు వస్తుందా?

పదాల పరిమితి గురించి పెద్దగా చెప్పను. పన్నెండు వందల పదాల్లోనే కథ, అందులోనే సందేశం అంటే రాసేవాళ్లు మొదట కోసుకునేది చూసిన వివరాన్నే, ఎందుకంటే అది లేకపోయినా కథ నడుస్తున్నట్టే కనిపిస్తుంది. సంఘటనలు మిగులుతాయి, మనుషులు పోతారు.

నాకు ఇంత పట్టుదల ఎందుకో అసలు కారణం చెప్తాను. మా వడపళనిలో విజయా వాహినీ స్టూడియో ఉన్నచోట ఇప్పుడు మాల్ ఉంది, ఆసుపత్రి ఉంది. ఆ కాలపు తారల గురించి కావలసినన్ని పుస్తకాలు వచ్చాయి. మరి లైట్లు మోసినవాళ్లు, దుస్తులు కుట్టినవాళ్లు, గుంపులో నిలబడినవాళ్లు? తెలుగు సినిమా హైదరాబాద్ వెళ్లిపోయినా వాళ్లలో చాలామంది వెళ్లలేక ఇక్కడే ఉండిపోయారు. మా పక్కవీధిలో ఒక పెద్దావిడ ఉంది, జూనియర్ ఆర్టిస్టుగా చేసింది. షూటింగ్ అయ్యాక ముఖానికి కొబ్బరినూనె రాసుకుని పాత గుడ్డతో మేకప్ తుడుచుకునేవాళ్లమనీ, ఆ గుడ్డ ఎన్ని ఉతుకులకూ తెల్లబడేది కాదనీ, ఇంటికి వెళ్లే బస్సులో చెవుల వెనక ఇంకా రంగు మిగిలి ఉంటే పక్కవాళ్లు జరిగి కూర్చునేవాళ్లనీ చెప్పింది. చెవుల వెనక మిగిలిన రంగు గురించి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చున్న రచయితకు ఎలా తెలుస్తుంది? తమిళ రచయితలు వాళ్ల జనం గురించి వాళ్లు గొప్పగా రాసుకుంటున్నారు, మన గురించి రాయాల్సిన పని వాళ్లకు లేదు. మనమే రాయాలి. బళ్లలో తమిళం తప్పనిసరి చేస్తూ 2006 చట్టం వచ్చాక మన పిల్లలు బళ్లో అరవం చదువుతున్నారు, చదవాల్సిందే, ఈ ఊళ్లో బతకాలంటే అది మంచిదే. తెలుగు మాత్రం ఇంటికీ, ఆదివారానికీ మిగిలింది. అలాంటి పిల్లల చేతికి రేపు మన పోటీ కథల సంకలనం ఇస్తే, అందులో వాళ్లు ఎప్పుడూ చూడని పల్లెటూరి రావిచెట్టు, పొలం గట్టు, ఎడ్లబండి తప్ప వాళ్లు రోజూ ఎక్కే ఎలక్ట్రిక్ ట్రైన్, వాళ్ల అమ్మ మోసిన బిందె లేకపోతే, తెలుగు అనేది ఎక్కడో వేరే చోట జరిగే సంగతి అనుకోరా?

కాబట్టి అడుగుతున్నవి ఇవి. ప్రకటనలోంచి ఆ వర్ణనల వాక్యం తీసేయండి, దాని బదులు మీరు స్వయంగా చూసినది, విన్నది, ముట్టుకున్నది రాయండి అని పెట్టండి. సందేశం ఉండాలన్న షరతు కూడా తీసేస్తే సంతోషం, కనీసం వర్ణన సంగతి చూడండి. పరిమితి రెండున్నర వేల పదాల దాకా పెంచండి. న్యాయనిర్ణేతల్లో ఒక్కరైనా ఈ ఊళ్లో అద్దె ఇంట్లో ఉండి, నీళ్ల లారీ కోసం నిలబడి, ఎలక్ట్రిక్ ట్రైన్ ఎక్కి తిరిగిన మనిషి అయి ఉండాలి. పెద్ద పేరు లేకపోయినా పర్వాలేదు. వర్ణన ఎక్కువైంది అని ఊరికే రాయకుండా, ఏ వాక్యం, అది ఎవరి చూపుకు సరిపోలేదు అని గీత గీసి చూపించమనండి, రాసినవాళ్లు దిద్దుకుంటారు. కథలు రాయలేని పెద్దవాళ్ల కోసం అనుభవాల విభాగం ఒకటి విడిగా పెట్టండి. చెప్తుంటే రాసిపెట్టడానికి మా దగ్గర పెద్ద క్లాసు పిల్లలు ఉన్నారు, సంతోషంగా వస్తారు. వాళ్లకూ తెలుగు రాత అలవాటవుతుంది.

ఉగాది పోటీ ప్రకటనలు సంక్రాంతి అయ్యాక వస్తాయి కాబట్టి ఇప్పుడే రాస్తున్నా, ఇంకా టైముంది. న్యాయనిర్ణేతలకు ఇచ్చే సూచనల కాగితం తయారుచేసేటప్పుడు నన్ను పిలిస్తే వస్తాను. ఆదివారం పొద్దున తప్ప ఎప్పుడైనా సరే.

ఇట్లు,
వడపళనిలో ఉండే ఒక తెలుగు టీచరు